ఇంటికి పంపదగినవారు

మానసిక ఆస్పత్రిలో వెనక బ్లాకు నెలాఖరుకి మూతపడుతుంది. జబ్బు నెమ్మదించినా అడిగేవాళ్ళు లేక ఏళ్ళ తరబడి అందులోనే మిగిలిపోయినవాళ్ళని ఇళ్ళకి చేర్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. 'ఇంటికి పంపదగినవారు' అని పైన రాసి, కింద ముప్ఫై ఒక్క పేర్లతో గోడకి అంటించిన కాగితంలో దుప్పట్లక్కది ఏడో పేరు. ఇరవై రెండేళ్ళుగా వార్డు దుప్పట్లకి అంచులు కుడుతోంది కాబట్టి అందరికీ ఆమె దుప్పట్లక్కే. అసలు పేరు రిజిస్టర్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. పదహారేళ్ళ కిందట, ఈమెకి నయమైంది, వచ్చి తీసుకెళ్ళండని డాక్టరు రాసిన ఉత్తరం 'ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు' అనే రాతతో తిరిగొచ్చింది. వేరే చిరునామా ఏదీ దొరక్క, సోషల్ వర్కర్ అమ్మాయి ఈ పొద్దున ఆమెని వెంటబెట్టుకుని బస్సెక్కి ఆ పాత చిరునామాకే వచ్చింది. తీరా చూస్తే ఇల్లు ఖాళీ కాలేదు. వీధి మారలేదు. కింద కొత్తగా ఒక జిరాక్స్ షాపు వెలిసింది, అంతే. షాపులో గాజు బల్ల వెనక కాగితాలు సర్దుతున్న మనిషి తలెత్తాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. అయినా అన్నయ్యే.

"ఏం కావాలమ్మా?" అన్నాడతను.

దుప్పట్లక్క అతని కళ్ళలోకి చూసింది. గుర్తుపట్టలేదు. పట్టకపోవడంలో వింతేముంది? ఇరవై నాలుగేళ్ళ పిల్లని ఆస్పత్రిలో దింపి వచ్చాడు. ఇప్పుడు నలభై ఆరేళ్ళ మనిషి వచ్చి ఎదురుగా నిలబడింది. ముందు పళ్ళు రెండు లేవు. జుట్టు వార్డులో కత్తిరించిన పద్ధతిలోనే మెడ మీదికి ఉంది. ఒంటిమీద బట్టలు కూడా తనవి కావు, సోషల్ వర్కర్ వాళ్ళమ్మవి.

ఏం చెప్పాలో బస్సులో నాలుగు గంటలూ వల్లె వేసుకుంటూనే వచ్చింది. ఒక్క ముక్కా నోటికి రాలేదు. అప్పుడు అతని చేతులు చూసింది. కాగితాల కట్టని బల్లమీద తట్టి అంచులు సరిచేస్తున్నాడు. సరిగానే ఉన్న కట్టని మళ్ళీ తట్టాడు. మళ్ళీ తట్టాడు.

గుర్తుపట్టాడు. ఆ ప్రశ్న బల్ల పక్కన లామినేషన్ కోసం నిలబడిన పెద్దాయన చెవికోసం వేసినది.

ఆ పెద్దాయన తన కాగితం అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఓ మూల బుడగ వచ్చిందని సణిగి, ఎట్టకేలకు కదిలాడు. అప్పుడు అన్నయ్య షట్టర్ సగానికి దించుతూ, వాళ్ళ మొహాలు చూడకుండా, "పైకి రండి, రోడ్డు మీద వద్దు" అన్నాడు.

'పిట్టా' అని పిలుస్తాడేమో అనుకుంది ఆమె. చిన్నప్పుడు తిండి తక్కువ తింటుందని అతనే పెట్టిన పేరు అది. పిలవలేదు.

రెండంతస్తులు ఎక్కాలి. మెట్లు ఇరుకు. పైన తలుపు తీసే ఉన్నా దుప్పట్లక్క గుమ్మం ముందు ఆగిపోయింది. ఎవరైనా వెళ్ళమంటేనే గుమ్మం దాటడం ఒంటికి పట్టిన అలవాటు, అది బాగయ్యే జబ్బు కాదు. వెనక నుంచి సోషల్ వర్కర్ వీపు మీద చెయ్యి వేసి, "వెళ్ళండక్కా, మీ ఇల్లే" అంది మెల్లగా.

ముందుగదిలో టీవీ హోరుమని మోగుతోంది. చూసేవాళ్ళెవరూ లేరు. వదిన తడి చేతులు తుడుచుకుంటూ వంటగది గుమ్మంలోకి వచ్చింది. చూడగానే తుడుచుకోవడం ఆగిపోయింది. "ఎవరూ?" అని భర్తని అడిగింది. అతను చెప్పాల్సిన పని లేకపోయింది.

"బాగున్నావా వదినా?" అంది దుప్పట్లక్క. వల్లె వేసుకున్నవాటిలో అదొక్కటే బయటికొచ్చింది.

"ఆఁ" అంది వదిన. కూర్చోమనలేదు.

సోషల్ వర్కర్ తనే ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది, ఇంకో కుర్చీ దుప్పట్లక్క వైపు జరిపింది. ఆరేళ్ళుగా ఇదే పనిలో ఉందా అమ్మాయి. కూర్చోమనని ఇళ్ళలో కూర్చోవడం ఆ పనిలో మొదటి పాఠం.

"చెప్పకుండా వచ్చినందుకు ఏమనుకోకండి సార్. చెబితే ఇల్లు మళ్ళీ ఖాళీ అవుతుందేమోనని భయం వేసింది" అని నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి ఫైలు తెరిచింది. "మీ చెల్లెలికి ఇప్పుడు రాత్రిపూట ఒక మాత్ర, నెలకో ఇంజెక్షన్. అంతే. తన పని తను చేసుకుంటుంది. కుట్టుపని వచ్చు. నిజం చెప్పాలంటే మా వార్డులో అందరికంటే నెమ్మదైన మనిషి ఈవిడే, మాతో కలిపి."

"జాగా లేదు" అన్నాడు అన్నయ్య. "ఉన్నవి రెండు గదులు."

దుప్పట్లక్క లెక్కపెట్టింది. ముందుగది, దాని పక్కన మంచం కనిపిస్తున్న గది, నడవా చివర మూసి ఉన్న తలుపు. ఆ తలుపుకి బయటివైపు గడియ ఉంది. కొత్త గడియ. మేకులు దిగినచోట చెక్క ఇంకా తెల్లగా పేలి ఉంది.

"ఇల్లు కాకపోతే ఇంకేదో ఒకటి ఏర్పాటు చేస్తారుగా మీవాళ్ళు?" అంది వదిన.

"పన్నెండు మంచాల ఇల్లు ఒకటి ఉందండీ. మావాళ్ళేమో ముప్ఫై ఒక్కమంది. పన్నెండూ పోయిన వారమే నిండిపోయాయి. ఇక మిగిలింది దిక్కులేనివాళ్ళ షెడ్డు. అక్కడ తిండైతే పెడతారు. రోజూ మాత్ర ఇస్తారో లేదో నేను చెప్పలేను. మాత్ర ఆగితే ఆరు వారాలు. ఆ తర్వాత ఈ మనిషి ఈ మనిషిగా ఉండదు."

తన ఎదుటే తన గురించి, ఏ మూల పెట్టాలో తెలియని బీరువా గురించి మాట్లాడినట్టు మాట్లాడటం దుప్పట్లక్కకి అలవాటే. ఆమె టీవీ వైపు చూస్తూ కూర్చుంది. తెరమీద ఎవరో ఉల్లిపాయలు తరుగుతున్నారు. అంత గట్టిగా పెట్టుకుని వినాల్సినంత ఏముంది అందులో?

"ఆస్పత్రి మూసెయ్యడం సులువే" అన్నాడు అన్నయ్య. "పేపర్లో బాగుంటుంది. సంకెళ్ళు తెంచాం, తలుపులు తెరిచాం అని రాసుకుంటారు. తెరిచిన తలుపు ఎవరి గుమ్మంలోకి తెరుచుకుంటుందో ఎవడికీ పట్టదు. చట్టం వచ్చి మా ఇంట్లో కాపలా పడుకుంటుందా?"

"పడుకోదు సార్" అంది సోషల్ వర్కర్. ఆమె వాదించలేదు. ఫైల్లోంచి పదహారేళ్ళ కిందట తిరిగొచ్చిన కవరు తీసి, స్టూలు మీద అతని ముందు పెట్టింది. "ఇది ఒక్కటి చూడండి. ఈ రాత ఎవరిదో తెలిస్తే చెప్పండి. పోస్ట్‌మాన్‌దని ఇన్నాళ్ళూ అనుకున్నాం. కింద షాపు బోర్డు మీద మీ రాత చూశాను. 'ళ్ళ' మీరు ఒక రకంగా రాస్తారు."

అన్నయ్య కవరు ముట్టుకోలేదు. చాలాసేపు చూశాడు. వదిన వంటగదిలోకి ఒక అడుగు వేసి మళ్ళీ ఆగింది.

"నాదే" అన్నాడు.

దుప్పట్లక్కకి మాట వినిపించింది కానీ లోపలికి దిగడానికి కొంచెం సేపు పట్టింది. ఆ కవరు తిరిగొచ్చిన రోజు ఆమెకి బాగా గుర్తు. బట్టల మూట కట్టుకుని, గేటు దగ్గరి సిమెంటు బల్లమీద వారం రోజులుగా కూర్చుంటోంది. ఎనిమిదో రోజున నర్సు వచ్చి కవరు చూపించింది. అన్నయ్యవాళ్ళు ఎక్కడికో పోయారట. ఎక్కడికి పోతారు, తనకి చెప్పకుండా? ఆలోచించి ఆలోచించి, ఏ ప్రమాదంలోనో అందరూ పోయి ఉంటారని తేల్చుకుంది. బతికుండి రాలేదనుకోవడం కన్నా, పోయారు కాబట్టి రాలేదనుకోవడం నయమనిపించింది. వాళ్ళ కోసం ఏడ్చింది కూడా. మూడు నెలలు ఏడిస్తే, జబ్బు తిరగబెట్టిందని డోసు పెంచారు.

"ఎందుకు అన్నయ్యా?" అంది. గొంతులో కోపం లేదు. కోపం తెచ్చుకుంటే జబ్బు ముదిరిందని వార్డులో రాసుకుంటారు కాబట్టి అది ఎలా తెచ్చుకోవాలో మరిచిపోయి చాలా కాలమైంది.

వదినే మాట్లాడింది. "ఆయన తెచ్చేస్తానన్నారు. నేనే వద్దన్నాను. ఒట్టు పెట్టి రాయించాను. పాపకి అప్పుడు మూడేళ్ళు. నువ్వు ఇంట్లో తిరుగుతుంటే, నీ మాటలు వింటూ పెరిగితే, దానికి ఎక్కడ అంటుకుంటుందోనని." ఆమె తడి చేతులు మళ్ళీ తుడుచుకుంది. "తల్లిని. నీకేం తెలుసు."

ఆ మాట ముగుస్తుండగానే టీవీలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో నడవా చివరి గదిలోంచి ఒక గొంతు వినిపించింది. ఆడపిల్ల గొంతు. మెల్లగా, ఆగకుండా, ఎవరికో నచ్చజెబుతున్నట్టు. వదిన గబగబా వెళ్ళి టీవీ ఇంకాస్త పెంచింది.

దుప్పట్లక్క కుర్చీలోంచి లేచింది. ఎవరూ లెమ్మనకుండా లేచింది. నడవాలో నాలుగడుగులు వేస్తే ఆ తలుపు. పక్కనే కింద మూతపెట్టిన పళ్ళెం. మూత తీసి చూసింది. కలిపి పెట్టిన అన్నం ఎండిపోయి ఉంది, వేలు కూడా పెట్టలేదు. దాని పక్క బకెట్లో అరటితొక్కలు, గుడ్డు పెంకులు. ఆమెకి ఇంకేమీ అక్కర్లేకపోయింది. తిండిలో ఎవరో ఏదో కలిపారన్న అనుమానంతో తొక్క ఉన్నది, పెంకు ఉన్నది, సీలు విప్పనిది మాత్రమే తినే మనుషుల మధ్య ఇరవై రెండేళ్ళు బతికింది. మొదటి ఏడాది తనూ అలాగే తింది.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

"ఏం ఎన్నాళ్ళు? దానికి జ్వరం" అంది వదిన.

"వదినా, నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

వదిన మొహం గోడకి తిప్పుకుంది. అన్నయ్య స్టూలు మీద కూలబడ్డాడు, కవరు పక్కనే. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేలని చూస్తూ చెప్పుకొచ్చాడు.

అయిదు నెలలయింది. పిల్లకి పందొమ్మిది. డిగ్రీ రెండో ఏడాది. మొదట పరీక్షల బెంగ అనుకున్నారు. కాలేజీ వాళ్ళే ఫోన్లో ఒక యాప్ పెట్టుకోమన్నారు. పొద్దున్నే అది 'ఈ రోజు మీ మనసెలా ఉంది' అని అడిగి అయిదు బొమ్మ మొహాలు చూపించేది. పిల్ల ఏడుపుమొహం నొక్కితే మంచినీళ్ళు తాగమనేది. పది సార్లు ఊపిరి పీల్చి వదలమనేది. అది చెప్పినట్టే నలభై రోజులు నీళ్ళు తాగింది, ఊపిరి పీల్చింది.

"తర్వాత కాలేజీలో ఏదో వారోత్సవం పెట్టారు. 'మనసు విప్పి మాట్లాడండి, మేం వింటాం' అని ఇంత పెద్ద బ్యానరు. బెలూన్లు కూడా కట్టారు. పిచ్చిది, నమ్మింది. వెళ్ళి మాట్లాడింది. గోడల్లోంచి తనని పేరుపెట్టి తిడుతున్నారని, మేడమ్ వాళ్ళు నీళ్ళ ట్యాంకులో ఏదో కలుపుతున్నారని, అంతా విప్పి చెప్పింది. మర్నాడు ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఇంటికి తీసుకెళ్ళండి, బాగుందని సర్టిఫికెట్ తెస్తే అప్పుడు చూద్దాం అన్నాడు. బ్యానరు ఇంకా అతని కిటికీ బయట వేలాడుతూనే ఉంది."

"డాక్టరుకి చూపించలేదా సార్?" అంది సోషల్ వర్కర్.

"క్లినిక్‌కి ఫోన్ చేశాను. పదకొండు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. ఇంకా మూడు వారాలుంది. మరీ ఎక్కువైతే మీ ఆస్పత్రికే తీసుకెళ్ళమన్నారు." అతను మొదటిసారి తలెత్తి చెల్లెలి మొహంలోకి చూశాడు. "నిన్ను పది రోజులకని తీసుకెళ్ళాను పిట్టా. పది రోజుల్లో మందులు కుదురుస్తాం, పంపేస్తాం అన్నారు. సంతకం పెట్టింది నేనే. ఈ చేత్తో ఒకదాన్ని అక్కడ పారేశాను. రెండోదాన్ని తీసుకెళ్ళమంటావా?"

పిట్టా అన్నాడు. ఆ పిలుపు కోసం ఆమె ఇరవై రెండేళ్ళు కాచుకుంది. అది ఇప్పుడు, ఇలా, ఈ ప్రశ్నకి ముందు వచ్చింది.

"ఇప్పుడు అలా లేదు సార్" అంది సోషల్ వర్కర్. "మూసేది వెనక బ్లాకే, కొత్తవాళ్ళని చేర్చుకునే ముందువైపు బ్లాకు పద్ధతి వేరు. రెండు వారాలు, మహా అయితే మూడు. ఇంటి మనిషి ఒకరు పక్కన తోడుండాలి. లేకపోతే చేర్చుకోరు."

"అప్పుడూ మీలాంటి అమ్మాయే చెప్పింది. నవ్వుతూ చెప్పింది" అన్నాడతను. "నేను మిమ్మల్నడగలేదు. దీన్నడుగుతున్నాను. లోకంలో ఆ సంగతి చెప్పగలిగింది ఇదొక్కతే. చెప్పు పిట్టా. తీసుకెళ్ళమంటావా, వద్దా?"

దుప్పట్లక్క తీసుకెళ్ళు అనాలి. మందు పడితే ఆ గొంతులు తగ్గుతాయి, ఆ సంగతి తన ఒంటికి తెలుసు. ఆలస్యమైన కొద్దీ అవి ఇంట్లో కాపురం పెడతాయని కూడా తెలుసు. వద్దు అనాలి. ఆ గేటు లోపలికి తెరుచుకున్నంత తేలిగ్గా బయటికి తెరుచుకోదని తనకన్నా తెలిసినవాళ్ళెవరు? నిజాలు రెండూ తనవే. దేన్ని పైకి తీసినా రెండోది గొంతుకి అడ్డం పడుతోంది.

"ముందు పిల్లని చూడనీ" అంది.

వదిన అడ్డం రాబోయింది. అన్నయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, గడియ తీశాడు.

గదిలో మసక. కిటికీ అద్దాలకి లోపలి నుంచి పాత పేపర్లు అంటించి ఉన్నాయి, అంచులకి టేపు వేసి మరీ. పిల్ల నేలమీద చాపలో గోడకి ఆనుకుని కూర్చుంది. మోచేతులు ఎముకలు. జుట్టు ఒకవైపు చిక్కుపడి ఉండకట్టింది. కళ్ళు మాత్రం చురుగ్గా, అలసటగా, కాపలా కాసేవాడి కళ్ళలా ఉన్నాయి. ఆ ముక్కు, ఆ నుదురు అన్నయ్యవి. ఆ కూర్చున్న తీరు తనది.

దుప్పట్లక్క దగ్గరికి వెళ్ళలేదు. తలుపుకి అడ్డం కాకుండా, ఒక పక్కగా నేలమీద చతికిలబడింది.

"ఎంతమంది?" అని అడిగింది.

పిల్ల పెదాల కదలిక ఆగింది. అయిదు నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. ఎవరూ లేరమ్మా అని అందరూ చెప్పారు కానీ, ఎంతమంది అని ఎవరూ అడగలేదు.

"ఇద్దరు" అంది పిల్ల. "ఒకామె పర్లేదు. రెండోవాడే."

"తిడతాడా?"

"నేను చదివితే చదువుతున్నానని తిడతాడు. మానేస్తే మానేశానని తిడతాడు."

"నాకు ముగ్గురుండేవాళ్ళు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు. ఒకళ్ళ మాట ఒకళ్ళు పడనిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ గొడవలు తీర్చడంతోనే నాకు సరిపోయేది."

పిల్ల పెదవి ఓ మూల కొంచెం కదిలింది. నవ్వని చెప్పలేం, నవ్వుకి దారి. "ఇప్పుడు?"

"ఇప్పుడొక్కడే. వాడూ ముసలాడైపోయాడు, గొంతు పోయింది. ఎప్పుడో సాయంత్రాలు ఏదో గొణుగుతాడు. ఊఁ కొట్టి నా కుట్టు నేను కుట్టుకుంటాను."

"పూర్తిగా పోరా?"

"కొందరికి పోతారు. నాకు పోలేదు. నీకేమో, నేను చెప్పలేను."

పిల్ల ఆమెని పైనుంచి కిందికి చూసింది. అబద్ధం చెప్పని మనిషి ఎలా ఉంటుందో చూస్తున్నట్టు చూసింది. "నువ్వెవరు?"

"మీ నాన్న చెల్లెల్ని. నీకు మేనత్తని."

"మేనత్త చచ్చిపోయిందన్నారే."

గుమ్మంలో నిలబడిన అన్నయ్య పక్కకి తిరిగాడు. దుప్పట్లక్క దువ్వెన కోసం చుట్టూ చూసింది. వాళ్ళు పోయారని తను ఏడ్చింది, తను పోయిందని వీళ్ళు చెప్పుకున్నారు. ఒకళ్ళనొకళ్ళు పాతిపెట్టేసుకున్నారు. "తప్పు చెప్పారు" అంది. "దువ్వెనుందా? ఆ చిక్కు నొప్పి పెట్టడం లేదూ?"

పిల్ల ఆలోచించింది. చాప పక్కనుంచి దువ్వెన తీసి, చేతికివ్వకుండా నేలమీద పెట్టి, ముందుకి తోసింది. అది సరే అనడం, అందరికీ కనిపించని మాట. దుప్పట్లక్కకి కనిపించింది. ఆమె జరిగి, పిల్ల వెనక కూర్చుని, కొసల నుంచి మొదలుపెట్టింది. తెలియని తల వేళ్ళ కింద వెచ్చగా ఉంది. తన రక్తం ఉన్న మనిషిని ముట్టుకుని ఎన్నేళ్ళయిందో ఆమె లెక్కపెట్టుకోలేదు. గుమ్మంలో వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. అయిదు నెలలుగా ఆమెని ఆ తల ముట్టుకోనివ్వలేదు పిల్ల.

"మేడమ్" అంది దుప్పట్లక్క, చెయ్యి ఆపకుండా, గొంతు పెంచకుండా. "ఇంటి మనిషి కూడా ఉంటే చేర్చుకుంటారన్నారు. నేనుంటాను."

సోషల్ వర్కర్ గుమ్మంలోకి వచ్చింది. "అక్కా, మీరు అక్కడి నుంచి ఇవాళే బయటికొచ్చారు."

"అందుకే. ఏ తలుపు ఎప్పుడు తీస్తారో, ఏ నర్సు మంచిదో, ఏ మాత్రకి నాలుక మొద్దుబారుతుందో నాకు తెలుసు. పిల్ల పక్కన పడుకుంటాను. మూడు వారాలయ్యాక ఇద్దరం కలిసి వస్తాం. రానివ్వకపోతే నేనే గేటు దగ్గర కూర్చుంటాను. కూర్చోవడం నాకు వచ్చు."

సోషల్ వర్కర్ ఫైలు మళ్ళీ తెరిచింది. "దానికొకటుందక్కా. మీరు ఇంటి మనిషి అవ్వాలంటే, మీకో ఇల్లుండాలి. మీ అన్నయ్యగారు మిమ్మల్ని ఇంటికి తెచ్చుకున్నట్టు ముందు సంతకం పెట్టాలి. లేకపోతే మీరు ఇంకా మా పేషెంటే. పేషెంటుకి పేషెంటు తోడు ఉండకూడదు."

ఆమె నడవాలోకి వెనక్కి తిరిగి కాగితం, పెన్ను అన్నయ్య ముందుకి చాపింది. అన్నయ్య పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు. అతని కళ్ళు ముందు కూతురి వైపు, తర్వాత భార్య వైపు తిరిగాయి. అతను జీవితంలో ఏ పనీ ఆమె వైపు చూడకుండా చేసినట్టు లేదు.

"మీరు పెట్టరు" అంది వదిన.

"ఒకసారి ఆలోచించు. ఇదే కూడా ఉంటానంటోంది కదా."

"ఇది ఉంటే ఏమవుతుంది? ఇది ఇరవై రెండేళ్ళుంది. దాని పళ్ళు చూడండి, దాని చేతులు చూడండి. నా కూతుర్ని అలా చేసి పంపిస్తారు, లేకపోతే పంపనే పంపరు. నా పిల్ల పిచ్చిదైతే నా ఇంట్లోనే పిచ్చిదై ఉంటుంది. నేను పెడతాను, నేను కడుగుతాను, నేను చచ్చాక కదా సంగతి." ఆమె అరవలేదు. చెప్పి చెప్పి అరిగిపోయిన మాటల్లా చెప్పింది. చెబుతూనే రెండడుగులు ముందుకి వేసి, తలుపు రెక్క పట్టుకుని లాగింది. బయట గడియ పడింది.

గది మళ్ళీ మసకయింది. లోపల దువ్వెన పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఇనుము చెక్కలో దిగే ఆ చప్పుడు దుప్పట్లక్క ఎముకలకి తెలిసిన చప్పుడు. పొద్దున గేటు దాటుతూ ఇక అది వినక్కర్లేదనుకుంది. ఒక పగలైనా గడవలేదు.

"తియ్యండమ్మా" అని బయట సోషల్ వర్కర్ గొంతు. "లోపల ఇద్దరున్నారు. ఇది నేరం. తియ్యండి."

"తియ్యను."

"సార్, మీరైనా తియ్యండి."

అన్నయ్య ఏమన్నాడో వినిపించలేదు. కాసేపటికి అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు వైపు కాదు. నడవా దాటి, ముందుగది దాటి, మెట్లు దిగి వెళ్ళిపోతున్నాయి. ఆ నడక దుప్పట్లక్క ఎరుగును. వార్డు వరండాలో చెల్లెలు ఏడుస్తుంటే వెనక్కి తిరగకుండా వెళ్ళిన నడకే అది.

బయట సోషల్ వర్కర్ ఓపిక తెగిపోయింది. మంచి పిల్లే, మంచి ఉద్దేశంతోనే, తలుపు అవతల వింటున్నది ఎవరో మరిచిపోయి, గట్టిగా అనేసింది. "రెండు నిమిషాలు చూస్తాను. తియ్యకపోతే పోలీసులకి ఫోన్ చేస్తాను. వాళ్ళే వచ్చి తలుపు పగలగొట్టి పిల్లని తీసుకెళ్తారు."

దువ్వెన కింద పిల్ల తల బిగుసుకుంది. మెల్లగా, చాలా మెల్లగా, ఆమె దుప్పట్లక్క చేతుల్లోంచి జుట్టు లాక్కుని లేచింది. సగం చిక్కు విప్పిన జుట్టు ఒక భుజం మీద పడింది. వెనక్కి వెనక్కి అడుగులు వేసుకుంటూ కిటికీ దాకా వెళ్ళింది. ఒక చెయ్యి వెనక్కి పెట్టి, అద్దం మీది పేపరు అంచు గోటితో పట్టుకుంది. టేపు ఊడింది. సన్నటి వెలుగు లోపల పడింది. ఆ కిటికీకి ఊచలు లేవన్న సంగతి దుప్పట్లక్క అప్పుడు చూసింది.

"ఆ రెండోవాడు ముందే చెప్పాడు" అంది పిల్ల. "ఒకత్తిని పంపుతారు, మంచిగా మాట్లాడుతుంది, తల దువ్వుతుంది, తర్వాత వాళ్ళొస్తారు అన్నాడు." ఆమె కళ్ళలో ఇందాకటి నవ్వుకి దారి మూసుకుపోయింది. "నిజం చెప్పు అత్తా. నువ్వు వాళ్ళ మనిషివేనా?"

ఇరవై రెండేళ్ళ కిందట ఆస్పత్రి గేటు ముందు ఇదే మాట తను అన్నయ్యని అడిగింది. కాదన్నాడతను, ఒట్టేసి చెప్పాడు, ఏడ్చాడు కూడా. నమ్మలేదు. ఆ ప్రశ్న అడిగే చోట నిలబడినవాళ్ళకి, ఎవరు ఏం చెప్పినా, ఎంత నిజం చెప్పినా చెవికెక్కదని ఆమెకి తెలిసినంత బాగా ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

బయట సోషల్ వర్కర్ ఫోన్లో ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టింది. పిల్ల వెనక చెయ్యి కిటికీ గొళ్ళెం వెతుక్కుంటోంది.

దుప్పట్లక్క దువ్వెన నేలమీద పెట్టి, ఖాళీ చేతులు రెండూ పిల్లకి కనబడేలా ఒళ్ళో పెట్టుకుంది. చెప్పాల్సింది ఏదో ఒకటి ఇప్పుడే చెప్పాలి. ఆమె నోరు తెరిచింది.